ప్రశ్న అడిగాక 3 సెకన్లు

పర్లాకిమిడిలో ఒకటో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. బడి భాష ఒడియా, చాలామందికి ఇంటి భాష తెలుగు. ఎప్పుడు చూసినా ఆ నలుగురే చేతులెత్తేవారు, మిగతావాళ్లు తల దించుకునేవారు. పిల్లలకు రాదనుకునే ముందు నా పాఠం నేనే ఒకసారి వినాలనిపించి, ఫోన్ బల్లమీద పెట్టి రికార్డు చేశాను.

రాత్రి వింటే సంగతి తెలిసింది. నా ప్రశ్నకూ నా తర్వాతి మాటకూ మధ్య సందే లేదు. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970లలోనే దీన్ని కొలిచారు. టీచర్లు సగటున 1 సెకను ఆగుతారు. 3 సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయి, నోరు విప్పే పిల్లలూ పెరుగుతారు. మన పిల్లలు ఒడియాలో విని, తెలుగులో లెక్కపెట్టి, మళ్లీ ఒడియాలోకి రావాలి కదా!

12 చింతపిక్కలు పోసి, 5 తీసేసి, ఎన్ని మిగిలాయని అడిగి ఆగాను. వెనక వరసలో ఒక పాప పెదాలు కదిలాయి. ఒళ్లో వేళ్లు ఒక్కొక్కటే ముడిచింది. "ఏడు" అంది, తెలుగులోనే. ఒడియా మాట నేను అందించాను. జవాబు రాగానే "శభాష్" అనెయ్యకుండా ఇంకాస్త ఆగితే, ఎలా లెక్కపెట్టారో కూడా వాళ్లే చెబుతారు.

మీరూ చేయాలనుకుంటే ముందు ప్రధానోపాధ్యాయులకు చెప్పండి. పది నిమిషాల రికార్డింగ్ చాలు, విన్నాక చెరిపేయండి. పిల్లల తప్పుల కోసం కాదు, మీ గొంతు కోసం వినండి.

సవర అనే గిరిజన భాష మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకు మాత్రం ఇది చాలలేదు. ఐదో తరగతి సవర పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల అంకెలు నేర్చుకుంటున్నాను. తప్పు పలికితే వాడే దిద్దుతున్నాడు.