కోరిన సీటు రాక వేరే సీటు వచ్చినప్పుడు ఏం చేయాలి?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో మొదటి విడత సీట్లు కేటాయించిన రోజు చాలా ఇళ్లలో ఒకే తర్జనభర్జన జరుగుతుంది. కంప్యూటర్ సైన్స్ అనుకుంటే మెకానికల్ వచ్చిందనీ, వరంగల్ ఎన్‌ఐటీ అనుకుంటే అస్సాంలోని సిల్చర్ ఎన్‌ఐటీ వచ్చిందనీ, చేరాలో మానాలో తెలియడం లేదనీ అంటుంటారు. ఇలాంటప్పుడు చాలామంది చేతికొచ్చిన సీటును మనసులో ఉన్న సీటుతో పోల్చి చూసుకుంటారు. చివరి విడత కూడా అయిపోయాక ఆ పోలికతో ఉపయోగం లేదు. ఈ సీటును కాదంటే మనకు నిజంగా మిగిలేదేమిటి అన్నదే తేల్చుకోవాలి. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో ర్యాంకును బట్టి వచ్చే కన్వీనర్ కోటా సీటా, డబ్బు కట్టి తీసుకునే మేనేజ్‌మెంట్ సీటా, లేక మళ్లీ పరీక్ష రాయడానికి మరో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగా? ఆ మిగిలేదాన్ని పేరుతో సహా కాగితం మీద రాసుకోనిదే ఈ నిర్ణయం జోలికి పోకూడదు.

ఐఐటీ, ఎన్‌ఐటీల వంటి కేంద్ర సంస్థల సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్ విషయంలో ఒక అపోహ ఎక్కువగా కనిపిస్తుంది. ఈ విడతలో వచ్చింది నచ్చలేదు కాబట్టి ఊరుకుందాం, వచ్చే విడతలో మంచిది వస్తుందిలే అనుకుంటారు. గడువులోగా సీటు అంగీకార రుసుము కట్టి, పత్రాలు అప్‌లోడ్ చేయకపోతే ఆ సీటు పోవడమే కాదు, తరువాతి విడతల నుంచి కూడా తప్పిస్తారు. అందువల్ల నచ్చని సీటైనా, ఇంతకంటే మెరుగైనది రావచ్చన్న ఆశ ఉంటే, ముందు దాన్ని అంగీకరించి ఫ్లోట్ ఎంచుకోవాలి. ఫ్లోట్ ఎంచుకుంటే మీ ఆప్షన్ల జాబితాలో దీనికి పైన ఉన్న ఏ కళాశాలకైనా, ఏ బ్రాంచికైనా మారే అవకాశం ఉంటుంది. స్లైడ్ అయితే అదే కళాశాలలో పై బ్రాంచికి మాత్రమే మారవచ్చు. ఫ్రీజ్ అంటే ఇక ఇదే చాలని చెప్పడం. అయితే ఫ్లోట్‌లో పై సీటు వచ్చిన మరుక్షణం పాతది దానంతటదే పోతుంది, వెనక్కి అడిగినా ఇవ్వరు. ఆప్షన్ల వరుసను మొదటి విడతకు ముందే లాక్ చేస్తారు కనుక, పేరు చూసి మురిసిపోయి పైన పెట్టిన కళాశాల తరువాత మెడకు చుట్టుకోవచ్చు. నిజం చెప్పాలంటే, ప్రత్యామ్నాయ సీటు గురించిన నిర్ణయంలో సగం ఆ జాబితా రాసే రోజే జరిగిపోతుంది.

ఖర్చు లెక్క వేసేటప్పుడు పైకి కనిపించే ఫీజును నమ్మకూడదు. మా వీధిలో ఒక తండ్రి కొడుకు హాల్ టికెట్ జిరాక్స్ వెనుక పెన్సిలుతో లెక్క వేసుకుని, ఎన్‌ఐటీలో ఏడాదికి 1,25,000 రూపాయల ట్యూషన్ ఫీజని రాసి, దాన్ని నాలుగుతో గుణించి, సిల్చర్ మెకానికల్ సీటును అడ్డగీత గీసి కొట్టేశారు. హైదరాబాదులోని ఒక ప్రైవేటు కళాశాలలో కన్వీనర్ కోటా కంప్యూటర్ సైన్స్ సీటుకు మాత్రం ప్రభుత్వం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని ధీమాగా ఉన్నారు. ఎన్‌ఐటీలలో కుటుంబ వార్షికాదాయం లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉంటే ట్యూషన్ ఫీజులో మూడింట రెండు వంతులు మినహాయిస్తారు, లక్ష లోపైతే మొత్తం మినహాయిస్తారు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆదాయంతో పని లేకుండా పూర్తి మినహాయింపు ఉంది. ఆయన ఆదాయ ధ్రువపత్రం ప్రకారం కట్టవలసింది ఏడాదికి సుమారు 41,700 రూపాయలే. అటు తెలంగాణలో బీసీ విద్యార్థి ఎప్‌సెట్ ర్యాంకు పదివేలు దాటితే ప్రభుత్వం ఇచ్చేది సాధారణంగా 35,000 రూపాయలు. కళాశాల ఫీజు లక్ష అయితే మిగతా 65,000 చేతి నుంచి పెట్టుకోవలసిందే. హాస్టలు, మెస్సు, రైలు ఛార్జీలు కలిపాక రెండు లెక్కలూ దగ్గర దగ్గరగా వచ్చాయి. అప్పుడు గాని అసలు ప్రశ్న బయటికి రాలేదు: ఈ అబ్బాయి నాలుగేళ్లు మెకానికల్ చదవగలడా? అంతవరకూ అతన్ని ఎవరూ అడగనే లేదు.

చేరాక బ్రాంచి మారవచ్చన్న ఆశతో సీటు తీసుకోవడాన్ని నేను సమర్థించను. ఎన్‌ఐటీలలో మొదటి ఏడాది మార్కుల ఆధారంగా ఆ అవకాశం దక్కేది కొద్దిమందికే, కొన్ని ఐఐటీలు ఇటీవల దాన్ని పూర్తిగా ఎత్తివేశాయి. బ్రాంచి మారకపోయినా ఫరవాలేదనుకుంటేనే చేరాలి.

లాంగ్ టర్మ్ వైపు మొగ్గేవారు అవకాశాలు లెక్కపెట్టుకోవాలి. ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్లలో రెండుసార్లు మాత్రమే రాయవచ్చు. ఐఐటీ సీటును అంగీకరించి, చివరి విడతకు ముందు నియమిత గడువులో విరమించుకోకపోతే మరుసటి ఏడాది ఆ పరీక్షకు అర్హత ఉండదు. కాబట్టి విరమణ గడువు తేదీని గోడ మీద క్యాలెండరులో గుర్తు పెట్టుకోవడం మంచిది. మరొక సంగతి, ఎన్‌ఐటీలలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి కేటాయిస్తారు, ఆ రాష్ట్రం ఏదన్నది పుట్టిన ఊరిని బట్టి కాక ఇంటర్ ఎక్కడ పాసయ్యారన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఖమ్మం పిల్లవాడైనా విజయవాడలో ఇంటర్ చదివితే తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలోనే సొంత రాష్ట్రపు కోటా వర్తిస్తుంది. మరోసారి రాస్తే వరంగల్ దగ్గరవుతుందని ఆశపడే ముందు గత ఏడాది ముగింపు ర్యాంకులను, అంటే చివరి సీటు ఏ ర్యాంకు దాకా వచ్చిందన్నదాన్ని, ఈ కోటా ప్రకారమే చూసుకోవాలి.

రెండు చోట్లా సీటు ఉన్నప్పుడు, ఒక చోట చేరి తరువాత మానుకోవలసి వస్తే, తరగతులు మొదలు కాకముందే లిఖితపూర్వకంగా తెలియజేసి రసీదు తీసుకోవాలి. అలా ముందుగా మానుకున్నవారికి 1,000 రూపాయలకు మించకుండా తగ్గించుకుని మిగతా ఫీజు వాపసు ఇవ్వాలనీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచకూడదనీ సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధనలు చెబుతున్నాయి. అయినా ఎక్కడ చేరేదీ తేలేదాకా ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచుకుని, అడిగిన చోట ముందు జిరాక్స్‌లు ఇవ్వజూపడం మేలు.

మా వీధి అబ్బాయి తనకు మెకానికలే ఇష్టమని మెల్లగా చెప్పాడు. గడువు మర్నాటి సాయంత్రం దాకా ఉన్నా, బ్యాంకు సర్వరు ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదని ఆ రాత్రే రుసుము కట్టి, ఫ్లోట్ ఎంచుకుని, రసీదును ఆ హాల్ టికెట్ జిరాక్స్‌తో కలిపి పిన్ను పెట్టుకున్నారు.