లారీ ఆల్టర్నేటర్ మళ్లీ మళ్లీ పోతుంటే అసలు కారణం పట్టుకోవడం ఎలా?

ఇంజిన్ బెల్టుతో తిరిగి కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది ఆల్టర్నేటర్. కొత్తది బిగించిన రెండు మూడు నెలలకే అది మళ్లీ కాలిపోయిందంటే, మూడోది కొనే ముందు ఆగాలి. మొదటిది పోవడానికి పార్టు నాణ్యత కారణం కావచ్చు. వరసగా రెండోది కూడా పోయిందంటే మాత్రం బ్యాటరీల్లోనో, ఎర్త్ వైర్లలోనో, బెల్టులోనో, తర్వాత తగిలించిన సామానులోనో జబ్బు ఉన్నట్టే. అది తీసేయకుండా ఎంత మంచి కంపెనీ ఆల్టర్నేటర్ వేసినా అదే దారిన పోతుంది.

ఇక్కడ చెప్పే కొలతలన్నీ మన దగ్గర తిరిగే 24 వోల్టుల లారీలకు, టిప్పర్లకు, ట్రెయిలర్లకు వర్తిస్తాయి. 12 వోల్టుల చిన్న బండ్లకు వోల్టేజీ అంకెలను దాదాపు సగం చేసుకోండి. కావలసినవి: డిజిటల్ మల్టీమీటర్, బ్యాటరీ హైడ్రోమీటర్ (యాసిడ్ సాంద్రత చూపేది), గరుకు కాగితం, స్పానర్ల సెట్టు. ఒక పూట సమయం చాలు.

1. పాతదాన్ని పారేయకుండా విప్పించండి

చాలామంది పాత ఆల్టర్నేటర్‌ను షాపులోనే ఎక్స్‌చేంజ్ కింద ఇచ్చేస్తారు. అసలు సాక్ష్యం దానిలోనే ఉంటుంది. ఎలక్ట్రీషియన్ చేత మీ ముందే విప్పించండి.

స్టేటర్ (లోపల తిరగకుండా ఉండే భాగం) రాగి చుట్లు అన్నీ సమానంగా నల్లబడి ఉంటే అది చాలాకాలం ఫుల్ లోడు మీద నడిచిందని అర్థం: చచ్చిన బ్యాటరీలు, ఎక్కువ లోడు, లేదా గాలి ఆడకపోవడం. ఒకటి రెండు ఫేజ్‌ల (విడి గుంపుల) చుట్లు మాత్రమే మాడి మిగతావి రాగి రంగులోనే ఉంటే ముందు డయోడు (ఏసీ కరెంటును డీసీగా మార్చేది) షార్ట్ అయింది, దాని వెనకాల చుట్లు, అంటే వైండింగ్ పోయింది. వైండింగ్ బాగుండి డయోడ్లు మాత్రం ఒక్కసారిగా పోయి ఉంటే బ్యాటరీ వైర్లు తిరగేసి తగిలించడం, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ కనెక్షన్ తీయడం, బ్యాటరీ విప్పకుండా వెల్డింగ్ చేయించడం లాంటివి అడిగి తెలుసుకోవాలి. పుల్లీ వైపు బేరింగ్ పోతే బెల్టు మరీ బిగువుగా ఉంది, లేదా పుల్లీలు ఒకే వరసలో లేవు. కరెంటు బయటికి వచ్చే పెద్ద బోల్టు చుట్టూ ప్లాస్టిక్ కరిగిందంటే నట్టు వదులుగా ఉండి అక్కడ వేడెక్కింది.

తిరిగే రోటర్‌కు స్లిప్ రింగుల మీదుగా కరెంటు అందించే బ్రష్‌ల దగ్గర నూనె జిడ్డు ఉంటే ప్రత్యేకంగా చూడాలి. హైడ్రాలిక్ బ్రేకులున్న చిన్న లారీలు, పికప్‌లు చాలావాటిలో బ్రేకుకు వాక్యూమ్ ఇచ్చే పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. దానికి ఇంజిన్ ఆయిల్ వస్తుంది. ఆయిల్ సీల్ పోతే నూనె నేరుగా లోపలికి దిగి బ్రష్‌లను, స్లిప్ రింగులను పాడుచేస్తుంది. వెనక్కి వెళ్లే ఆయిల్ గొట్టం నలిగినా, మూసుకుపోయినా కొత్త సీల్ కూడా నిలవదు. ఈ బండ్లలో ఆల్టర్నేటర్ తీసేస్తే బ్రేకుకు వాక్యూమ్ ఉండదు. పెడల్ రాయిలా గట్టిపడుతుంది. అలా బండిని షెడ్డు నుంచి షెడ్డుకు కూడా నడపొద్దు.

2. బ్యాటరీల సంగతి ముందు తేల్చండి

ఆల్టర్నేటర్ పని బ్యాటరీని నిండుగా ఉంచడం. పూర్తిగా దిగిపోయిన 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) బ్యాటరీలు రెండింటిని నింపే పని దాని నెత్తిన వేస్తే గంటల తరబడి ఫుల్ ఆంపియర్ల మీద నడుస్తుంది. అందులోనూ ఐడిల్‌లో ఫ్యాన్ నెమ్మదిగా తిరిగి గాలి చాలదు. డయోడ్లు అక్కడే మాడతాయి. మళ్లీ మళ్లీ పోయే కేసుల్లో మొదట అనుమానించాల్సింది ఇదే.

24 వోల్టుల బండిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. బండి ఆపి నాలుగైదు గంటలయ్యాక ఆ జత రెండు చివర్ల మధ్య కొలవండి. 25.2 వోల్టులు, ఆపైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 24.4కు దిగితే సగానికి వచ్చినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 18 వోల్టుల కిందికి పడిపోతుంటే బ్యాటరీ బలహీనపడింది, లేదా సెల్ఫ్ మోటారు ఎక్కువ లాగుతోంది. హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్లు చూడండి. నిండుగా చార్జి చేశాక కూడా ఒక సెల్లు సాంద్రత మిగతావాటి కన్నా 0.050 తక్కువ చూపితే ఆ బ్యాటరీ పని అయిపోయింది. మార్చాల్సి వస్తే రెండూ కలిపే మార్చాలి, ఒకే కంపెనీవి, ఒకే ఏహెచ్‌వి. ఒకటి పాతది ఒకటి కొత్తది పెట్టడం వల్ల మిగిలేదేమీ ఉండదు, పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది.

కొత్త ఆల్టర్నేటర్ బిగించే ముందు బ్యాటరీలను బయట చార్జర్ మీద నింపించండి. ఒక రాత్రి ఆలస్యమైనా సరే.

3. ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టులు లాగుతున్నారా?

మన లారీల్లో ఎక్కువగా కనిపించే, ఎవరూ పట్టించుకోని తప్పు ఇది. మ్యూజిక్ సిస్టమ్, క్యాబిన్ ఫ్యాన్, ఫోన్ చార్జర్, అలంకరణ లైట్లు 12 వోల్టులవి కొని, ఎర్త్ వైపున్న బ్యాటరీ నుంచి ఒక వైరు లాగేస్తారు. ఆ బ్యాటరీ రోజూ ఎక్కువ దిగుతుంది. చార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చూసేది రెండింటి మొత్తం 28 వోల్టులనే. అందువల్ల దిగిన బ్యాటరీకి 13 మాత్రమే అంది ఎప్పటికీ నిండదు. రెండోదానికి 15 వచ్చి నీళ్లు ఆవిరైపోతాయి. కొన్నాళ్లకు రెండూ పాడై, ఆల్టర్నేటర్ ఎప్పుడూ నిండని బ్యాటరీల మీద పనిచేస్తూ ఉండిపోతుంది.

ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో బ్యాటరీని విడిగా కొలవండి. రెండింటి మధ్య తేడా అర వోల్టు దాటిందంటే ఇదే సమస్య. ఆ వైరు పీకేసి, 24 నుంచి 12కు మార్చే కన్వర్టర్ పెట్టించండి. సామాను ఎన్ని ఆంపియర్లు లాగుతుందో లెక్కేసి, దానికి ఒకటిన్నర రెట్ల సామర్థ్యం ఉన్నది కొనండి.

4. చార్జింగ్ వోల్టేజీ, వైర్లలో నష్టం

ఇంజిన్‌ను 1500 ఆర్‌పీఎం మీద పెట్టి బ్యాటరీల చివర్ల మధ్య కొలవండి. 27.5 నుంచి 28.8 వరకు ఉండాలి. ఇంజిన్ వేడెక్కాక కాస్త తగ్గడం మామూలే. 29.5 దాటితే రెగ్యులేటర్ పోయింది, లేదా వోల్టేజీ చదివే సెన్స్ వైరులో కాంటాక్టు సరిగా లేదు. బల్బులు తరచూ పోవడం, బ్యాటరీ దగ్గర ఘాటు వాసన దానికి గుర్తులు.

తర్వాత అసలు పరీక్ష. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి అదే ఆర్‌పీఎం మీద మీటర్ ఒక కొసను ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ బోల్టుకు, రెండోదాన్ని బ్యాటరీ పాజిటివ్‌కు పెట్టండి. క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే. అర వోల్టు కన్నా ఎక్కువ వస్తే దారిలో ఎక్కడో లగ్గు (వైరు కొసన ఉండే లోహపు కంతి) వదులుగా ఉంది, తుప్పు పట్టింది, లేదా వైరు సన్నం. ఇక ఆల్టర్నేటర్ బాడీకి, బ్యాటరీ నెగటివ్ పోస్టుకు మధ్య కొలవండి. పావు వోల్టు లోపల ఉండాలి.

రెండో కొలతలోనే ఎక్కువమంది దొరికిపోతారు. క్లచ్ పనికో గేర్‌బాక్స్ పనికో దించినప్పుడు ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ పట్టీని తిరిగి సరిగా బిగించరు. కొన్నిసార్లు రంగు మీదే బిగిస్తారు. ఆ చోట రంగు, తుప్పు గీకి లోహం మెరిసేదాకా శుభ్రం చేసి, బిగించాక పైన గ్రీజు పూయండి. లగ్గులను సుత్తితో నలిపి వదిలేయకుండా క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి. కాకినాడ, విశాఖ పోర్టుల దగ్గర తిరిగే బండ్లకు, భీమవరం వైపు చేపలు, రొయ్యలు తోలే బండ్లకు ఉప్పు తేమ వల్ల ఈ తుప్పు త్వరగా వస్తుంది. మూడు నెలలకోసారి చూసుకోవాలి.

డయోడు పరీక్షకు మీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద చూడండి. అర వోల్టు దాటితే డయోడ్ ప్లేటు అనుమానమే. చౌక మీటర్లు కొన్ని డీసీని కూడా ఏసీగా చూపుతాయి. ఇంజిన్ ఆపినా అదే అంకె వస్తుంటే ఆ మీటర్‌ను నమ్మొద్దు. మీటర్ లేకుండా తెలుసుకునే దారి ఒకటుంది: రాత్రి ఆపిన బండి పొద్దున ఇంజిన్ చల్లబడ్డాక కూడా ఆల్టర్నేటర్ చేతికి వెచ్చగా తగిలితే, డయోడు లీకై బ్యాటరీని రాత్రంతా తాగేసిందన్నమాట.

5. బెల్టు, పుల్లీ, దుమ్ము

బిగువు దానంతటదే సరిచేసే టెన్షనర్ లేని వి-బెల్టును రెండు పుల్లీల నడుమ బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 నుంచి 12 మి.మీ. దిగాలి. వదులైతే జారి చార్జింగ్ తగ్గుతుంది, పుల్లీ వేడెక్కి ఆ వేడి బేరింగ్‌కు పాకుతుంది. జారుడు పోవాలని మరీ బిగిస్తే బేరింగ్ పోతుంది. బెల్టు అంచులు గాజులా మెరుస్తున్నా, పుల్లీ గాడి అడుగు మెరుస్తున్నా రెండూ అరిగిపోయాయి. కొత్త వి-బెల్టు మొదటి కొన్ని రోజుల్లో సాగుతుంది కాబట్టి 500 కిలోమీటర్ల లోపు మళ్లీ చూసి బిగించాలి. పక్క నుంచి స్కేలు ఆనించి చూస్తే పుల్లీలు ఒకే వరసలో ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. మౌంటింగ్ బ్రాకెట్‌లో బుష్ అరిగితే ఆల్టర్నేటర్ వంగి నిలబడుతుంది. కొత్తది వేసినా వంగే నిలబడుతుంది.

చీమకుర్తి గ్రానైట్, సింగరేణి బొగ్గు, తాండూరు నాపరాయి తోలే బండ్లలో సన్నటి దుమ్ము లోపల చేరి గాలి దారులు మూసేస్తుంది. నెలకోసారి కంప్రెసర్ గాలితో ఊదించాలి. నీళ్ల ప్రెషర్ గన్‌ను మాత్రం నేరుగా దాని మీదికి పట్టనివ్వొద్దు.

6. లోడు లెక్క

వాట్లన్నీ కూడి 28తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. హెడ్‌లైట్లు, సైడు లైట్లు, వైపర్, బ్లోయర్ కలిపి 600 వాట్లనుకుంటే దాదాపు 21 ఆంపియర్లు. దానికి బ్యాటరీ నింపడానికి 10 కలపండి. 45 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కు ఇది సరిపోతుంది. దాని మీద 500 వాట్ల ఇన్వర్టర్ పెడితే నష్టాలతో కలిపి మరో 20 లాగుతుంది. ఇక ఊపిరి పీల్చే చోటు ఉండదు. ఆల్టర్నేటర్ మీది నేమ్‌ప్లేటులో రాసిన ఆంపియర్లు ఎక్కువ ఆర్‌పీఎంలో వచ్చేవి. ఐడిల్‌లో, ఎండాకాలం బోనెట్ వేడిలో అందులో సగం కూడా రాకపోవచ్చు. రోజువారీ లోడు ఆ ప్లేటు అంకెలో నాలుగింట మూడు వంతుల లోపు ఉంచుకోండి.

బయట ఏసీ కిట్ బిగించుకున్న పాత లారీలు దీనికి తరచూ బలవుతాయి. కండెన్సర్ ఫ్యాన్లు, బ్లోయర్, కంప్రెసర్ క్లచ్ కలిసి 15 ఆంపియర్ల దాకా తీసుకోగలవు. ఏసీ పెట్టించేటప్పుడే 80 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌కు మారడం మంచిది. దానికి తగ్గట్టు అవుట్‌పుట్ కేబుల్, ఫ్యూజ్ కూడా పెద్దవి వేయాలి. పాత సన్న కేబులే ఉంచితే అదే వేడెక్కుతుంది.

7. ఈ పనులు చేయనివ్వొద్దు

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చార్జింగ్ ఉందో లేదో చూడటం. బ్యాటరీ కనెక్షన్ తెంచే కటాఫ్ స్విచ్‌ను ఇంజిన్ ఆగకముందే తిప్పడం. రెండింట్లోనూ కరెంటుకు ఒక్కసారిగా దారి తెగి, 24 వోల్టుల బండిలో 100 దాటే వోల్టేజీ ఎగిసిపడుతుంది. ఆల్టర్నేటర్‌తో పాటు బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ కూడా పోవచ్చు. అవుట్‌పుట్ బోల్టును స్క్రూడ్రైవర్‌తో బాడీకి తాకించి నిప్పురవ్వ చూడటం కూడా అంతే ప్రమాదం. ఛాసిస్‌కో బాడీకో వెల్డింగ్ చేయించే ముందు బ్యాటరీ రెండు వైర్లూ, ఈసీయూ, ఆల్టర్నేటర్ కనెక్షన్లూ తీయాలి. వెల్డింగ్ ఎర్త్ క్లాంపు అతుకుకు వీలైనంత దగ్గరగా పెట్టాలి.

8. బిగించే రోజు

ముందు నెగటివ్ వైరు తీయండి, చివరగా నెగటివే తగిలించండి. రీకండిషన్ చేసిన ఆల్టర్నేటర్ తీసుకుంటే బెంచి మీద లోడు పెట్టి చూపించమనండి. వోల్టేజీ ఒక్కటే చూసి ఒప్పుకోవద్దు, ఒక డయోడు పోయినా 28 చూపగలదు. డయోడ్ ప్లేటు అసలు ఆంపియర్లదేనా, రెగ్యులేటర్ 24 వోల్టులదేనా అని అడగండి. డాష్‌బోర్డులో చార్జింగ్ బల్బు పనిచేస్తోందా చూడండి. చాలా మోడళ్లలో రోటర్‌కు మొదటి కరెంటు ఆ బల్బు ద్వారానే వెళుతుంది. బల్బు కాలిపోతే ఆల్టర్నేటర్ బాగున్నా చార్జింగ్ మొదలవకపోవచ్చు, పాపం మంచిదాన్నే మార్చేస్తారు. అవుట్‌పుట్ నట్టు కింద స్ప్రింగ్ వాషర్ మరిచిపోవద్దు. అరగంట నడిపి వేడెక్కాక 4వ మెట్టులోని కొలతలన్నీ మళ్లీ తీసి, తేదీ, కిలోమీటర్లతో సహా లాగ్ పుస్తకంలో రాసుకోండి. మళ్లీ పోతే ఎలక్ట్రీషియన్‌కు ఆ అంకెలు చూపించొచ్చు.

దారిలో చార్జింగ్ లైటు వెలిగితే

ఏసీ, బ్లోయర్, మ్యూజిక్, అదనపు లైట్లు ఆపేయండి. పగలైతే, బ్యాటరీలు నిండుగా ఉంటే, దగ్గరలోని ఎలక్ట్రీషియన్ దాకా ఇంజిన్ ఆపకుండా వెళ్లొచ్చు. ఆపితే మళ్లీ సెల్ఫ్ అందకపోవచ్చు. బీఎస్-6 బండ్లలో వోల్టేజీ పడిపోయేకొద్దీ ఈసీయూ ఫాల్ట్‌లు చూపి చివరికి ఇంజినే ఆగుతుంది కాబట్టి ఎక్కువ దూరం నమ్ముకోవద్దు. రాత్రయితే హెడ్‌లైట్లు ఆపి నడపొద్దు, సురక్షితమైన చోట పక్కన పెట్టండి. అన్నిటికన్నా ముందు ఉష్ణోగ్రత మీటర్ చూడండి. చాలా ఇంజిన్లలో వాటర్ పంపు కూడా అదే బెల్టు మీద తిరుగుతుంది. బెల్టే తెగి ఉంటే కొద్ది నిమిషాల్లో ఇంజిన్ వేడెక్కి హెడ్ పోతుంది, కాబట్టి అక్కడికక్కడే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి.