వెల్డర్ టెస్ట్ పెట్టే ముందు జాగ్రత్తలు: ఎవరు చూడాలి, ఎవరు సంతకం పెట్టాలి

వెల్డర్ నైపుణ్యాన్ని నిర్ధారించే ఈ టెస్ట్‌ను ఏ కోడ్ (వెల్డింగ్ నియమావళి) ప్రకారం పెడుతున్నారో ముందు తేల్చుకోండి. మిగతాదంతా దాన్నిబట్టే.

• ఏఎస్ఎంఈ (అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం) కోడ్‌లోని సెక్షన్ 9 అయితే, కూపన్ (టెస్ట్ కోసం వెల్డ్ చేసే నమూనా ముక్క) వెల్డింగ్ జరుగుతున్నంతసేపూ పర్యవేక్షణ, అదుపు ఆ వెల్డర్‌తో పని చేయించుకునే సంస్థవే. ఈ బాధ్యతను ఇంకో కంపెనీకి అప్పగించడానికి వీల్లేదు. బెండ్ టెస్ట్ (వెల్డ్‌ను వంచి చూడడం), రేడియోగ్రఫీ (ఎక్స్-రే వంటి కిరణాలతో లోపల చూడడం) మాత్రం బయటి ల్యాబ్‌లో చేయించవచ్చు. ల్యాబ్ రిపోర్టు ఉన్నా, క్వాలిఫికేషన్ రికార్డును (వెల్డర్ టెస్ట్ పాసయ్యాడని చెప్పే పత్రాన్ని) ధ్రువీకరించాల్సింది సంస్థే.

• సర్టిఫైడ్ ఇన్‌స్పెక్టరే చూడాలని సెక్షన్ 9 అడగదు. కాంట్రాక్టు అడగవచ్చు, చదవండి.

• ఐఎస్ఓ 9606-1 (వెల్డర్ టెస్ట్‌కు అంతర్జాతీయ ప్రమాణం) అయితే ఎగ్జామినర్ లేదా పరీక్షా సంస్థ ఎదుటే వెల్డింగ్ జరగాలి.

• ఎంత ఒత్తిడి వచ్చినా, కళ్లారా చూడని టెస్ట్‌కు సాక్షి సంతకం పెట్టకండి. ఆ జాయింట్ పక్కనే రేపు మనుషులు పనిచేస్తారు.

• కూపన్ మీద వెల్డర్ గుర్తు, చేతిలో డబ్ల్యూపీఎస్ (వెల్డింగ్ ఎలా చేయాలో చెప్పే రాతపూర్వక విధానం) ఉన్నాయా? చూసుకోండి.