వైర్‌లెస్ కెమెరా మొరాయిస్తోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఇంటి కాపలాకు పెట్టుకున్న వైఫై కెమెరా సరిగ్గా పనిచేయకపోతే చాలామంది ముందు దాన్నే అనుమానించి తిరిగి ఇచ్చేస్తారు. లోపం చాలాసార్లు వైఫై సిగ్నల్‌లోనో, కరెంటులోనో, బిగించిన చోటులోనో ఉంటుంది. అందుకే గోడకు డ్రిల్ పెట్టకముందే కెమెరాను ఆ చోట తాత్కాలికంగా నిలబెట్టి, ఒక పగలూ ఒక రాత్రీ నడిపి చూడండి. కింద చెప్పే ఇబ్బందుల్లో సగం అక్కడే బయటపడతాయి.

సెటప్ దగ్గరే ఆగిపోతోంది

ఇళ్లలో వాడే కెమెరాల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది. ఫోనేమో 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటుంది. రౌటర్‌లో రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టి, ఫోన్‌ను 2.4కి కలిపి మళ్లీ ప్రయత్నించండి. అయినా కాకపోతే రౌటర్ సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3కే (వైఫైకి రక్షణ ఇచ్చే కొత్త పద్ధతి) పరిమితమై ఉందేమో చూడండి. దాని ముందుతరం డబ్ల్యూపీఏ2ను కూడా అనుమతిస్తే పని జరగవచ్చు.

వీడియో ఆగి ఆగి వస్తోంది

ఇంట్లో వైఫై మీద చూసినా ఆగుతోందా, బయట నుంచి చూస్తేనే ఆగుతోందా? ముందు ఇది తేల్చుకోండి. ఇంట్లో కూడా ఆగితే సిగ్నల్ బలహీనంగా ఉన్నట్టు. చాలా యాప్‌లలో సిగ్నల్ బలం మైనస్ అంకెల్లో కనిపిస్తుంది. మైనస్ 60 దగ్గర ఉంటే నిశ్చింత, మైనస్ 75 దాటి మైనస్ 80 వైపు వెళ్తే తెగిపోతూ ఉంటుంది. రౌటర్‌ను దగ్గరికి జరపండి, లేదా దారి మధ్యలో సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే మెష్ యూనిట్ గానీ రిపీటర్ గానీ పెట్టండి. రిపీటర్‌ను కెమెరా పక్కనే పెడితే లాభం లేదు, సిగ్నల్ ఇంకా బాగా ఉన్న చోట పెట్టాలి. బయట నుంచి మాత్రమే ఆగుతుంటే అప్‌లోడ్ వేగం చాలట్లేదేమో. 1080పీ కెమెరా ఒక్కోదానికి సుమారు 2 ఎంబీపీఎస్ వేసుకోండి.

చీకటి పడగానే రీస్టార్ట్ అవుతోంది

పగలంతా బాగానే ఉంటుంది కాబట్టి దీని కారణం తొందరగా తట్టదు. రాత్రి చీకట్లో చూడటానికి కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని) లైట్లు వెలిగేసరికి కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. సన్నటి, పొడవాటి యూఎస్‌బీ కేబుల్‌లో వోల్టేజ్ పడిపోయి కెమెరా ఆరిపోతుంది. దానితో వచ్చిన అడాప్టర్, పొట్టి కేబుల్ పెట్టి ఒక రాత్రి నడపండి. ఆగకుండా నడిస్తే దోషం కేబుల్‌దే. మందపాటి కేబుల్ వేయండి, వీలైతే సాకెట్‌నే కెమెరా దగ్గరికి తెప్పించండి.

రాత్రి దృశ్యమంతా తెల్లగా ఉంది

కిటికీ అద్దం వెనక పెడితే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు అద్దానికి తగిలి వెనక్కి వస్తుంది. ఆ లైట్లు ఆపేసి బయట బల్బు వేయండి, లేదా కెమెరానే బయట బిగించండి. బయటే ఉంటే సాలెగూడు తుడవండి, పక్క గోడ మరీ దగ్గరగా ఉందేమో చూడండి.

మనిషి వచ్చినా అలర్ట్ రాదు

బ్యాటరీ కెమెరాల్లో ఎక్కువగా ఉండే పీఐఆర్ సెన్సర్ ఒంటి వేడి కదలికను పసిగడుతుంది. అద్దం అవతలి మనిషిని అది గుర్తించలేదు. ఎదురుగా నడిచొచ్చే వ్యక్తి కంటే అడ్డంగా దాటే వ్యక్తి దానికి త్వరగా దొరుకుతాడు. రెండున్నర నుంచి మూడు మీటర్ల ఎత్తులో, కాస్త కిందికి వంచి, దారికి పక్కవాటుగా బిగించండి. అలర్ట్‌లు మరీ ఎక్కువై బ్యాటరీ త్వరగా అయిపోతుంటే వీధి వైపు భాగాన్ని యాప్‌లో డిటెక్షన్ నుంచి తీసేయండి.

రికార్డింగ్‌లు మధ్యలో మాయమవుతున్నాయి

నిరంతర రికార్డింగ్‌కు మామూలు మెమరీ కార్డు త్వరగా అరిగిపోతుంది. పదే పదే రాసినా ఎక్కువ కాలం తట్టుకునే హై ఎండ్యూరెన్స్ రకం కొని, కెమెరా యాప్‌లోనే ఫార్మాట్ చేయండి.

ఎవరైనా చూస్తున్నారేమోనని టెన్షన్

ఇది కొట్టిపారేయాల్సిన భయం కాదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, రౌటర్లను పెద్ద సంఖ్యలో లోబరుచుకుంది. కెమెరాను రీసెట్ చేసి, మరెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టి, రెండంచెల లాగిన్ ఆన్ చేసి, ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. తయారీదారు అప్‌డేట్లు ఆపేసిన మోడల్ ఎంత చవకగా దొరికినా కొనొద్దు. పడకగదిలో మాత్రం కెమెరా పెట్టకండి.