నది మీద పోయొచ్చిన ఆడోళ్లు ముచ్చట ఎట్ల పెట్టాలె

నది మీద తిరిగొచ్చిన ఆడోళ్లను ఎట్లుండె అని అడగుండ్రి, "మస్తుండె" అంటరు, నాలుగు ఫొటోలు పంపుతరు, అంతే, అయిపోయింది. పోవాలని మనసున్న ఇంకో ఆమెకు ఆ "మస్తుండె" ఏం పనికొస్తది? ఏం బట్టలేసుకున్నరు, ఒంటికి ఎక్కడ పోయిన్రు, పడవ ఊగితే చేతులు ఎక్కడ పెట్టిన్రు, ఇంట్ల ఏమని చెప్పి బయలెల్లిన్రు, ఆమెకు కావాల్సినవి ఇవి. అందుకే కృష్ణ నది ఒడ్డున ఉన్న మా పాలమూరు, నల్లగొండ దిక్కు నలుగురు ఆడోళ్లు కలిసి నది ముచ్చట్లకు కూసోవాలనుకుంటే ఎట్ల చెయ్యాల్నో రాస్తున్న. కయాక్ (తెడ్డుతోని ఏసే సన్నటి పొడుగు పడవ) అయినా, పుట్టి (చేపలు పట్టేటోళ్ల గుండ్రటి పడవ) అయినా, గుట్టలెక్కుడు అయినా పద్ధతి ఇదే, కాకపోతే నీళ్ల గురించే ఎక్కువ రాస్త, నాకు బాగ తెలిసింది అదే గాబట్టి.

ముందుగాల టైం. రాత్రి ఏడింటికి పెడితే ఎవ్వరు రారు, అది అన్నం వండే టైం. ఆదివారం పగటీలి మూడింటికి మొదలువెట్టి ఐదున్నరకల్ల లేవాలె. జాగ ఎక్కడైనా పర్వాలేదు, కొల్లాపూర్‌ల ఎవరింటి డాబా అయినా సరే, దేవరకొండల బడి వరండా అయినా సరే. కుర్చీలు వరుసగ ఏసి మైకు మాత్రం పెట్టకుండ్రి, మైకు చూస్తే మనోళ్లు స్పీచ్ ఇస్తరు, ముచ్చట చెప్పరు. చాపలు పరిచి గుండ్రంగ కూసోవాలె, గుడాలు, చాయ్ ఉంటే చాలు. పది మందికి మించితే రెండు గుంపులు చెయ్యుండ్రి. మొగోళ్లను రానియ్యాల్నా అని అందరు అడుగుతరు. నా మాట అయితే మొదటి రెండు సార్లు వద్దు. ఒక్కాయన ఉన్నా "అట్ల గాదు, తెడ్డు ఇట్ల ఎయ్యాలె" అని మొదలువెడ్తడు, ఇగ నెలసరి గురించి, తడిసిన బట్టల గురించి ఒక్కరు నోరు తెరువరు.

అసలు సంగతి ఏందంటే ఎవరితోని మొదలుపెట్టాలె అన్నది. రిషికేశ్ పోయి రాఫ్టింగ్, అంటే గాలి నింపిన రబ్బరు పడవల ఉరికే నీళ్లల్ల పోవుడు, చేసొచ్చిన పిల్లతోని మొదలువెడితే మిగతోళ్లు అందరు "మాదేముందిలే" అని ముడుచుకుంటరు. పుట్టి ఏసే ఆమెతోని పెట్టాలె. కొల్లాపూర్ కాడి సోమశిల దిక్కు శ్రీశైలం బ్యాక్‌వాటర్‌ల (డ్యాం ఎనక నిలబడ్డ నీళ్లల్ల), సాగర్ బ్యాక్‌వాటర్‌ల వైజాగ్ కాలనీ దగ్గర, చేపలు పట్టే ఇండ్లల్ల చాన మంది ఆడోళ్లు మొగనితోని సమానంగ పుట్టి ఎక్కుతరు, ఒకరు తెడ్డేస్తే ఒకరు వల గుంజుతరు. మనం వెయ్యి రూపాయలు కట్టి గంట సేపు చేసేది వాళ్లు తెల్లారకముందే చేసి ఇంటికొచ్చి వంట చేస్తరు. అయితే వాళ్లను "మీ అనుభవం చెప్పండి" అని అడిగితే "ఏముంటదమ్మా, పోతం, వస్తం" అని నవ్వి ఊకుంటరు. చిన్నది అడగాలె, చేతితోని చేసే పని గురించి అడగాలె. గాలి లేస్తే ఏ ఒడ్డుకు కొడ్తరు వదినా? వల తీసేటప్పుడు పుట్టిని ఎవరు ఆపుతరు? చీకట్ల ఒడ్డు ఎట్ల గుర్తుపడ్తరు?

సోమశిల ఒడ్డు మీద కూసున్నప్పుడు, పుట్టి గిరగిర తిరగకుంట ఎట్ల పోతది వదినా అని ఒక పిల్ల అడిగింది. ఆ వదినె నోటితోని చెప్పలే. కొంగు నడుముకు చెక్కి, చాప మీద మోకాళ్లేసి, చాయ్ కలిపే పెద్ద గంటె తీసుకుని తెడ్డు లెక్క పట్టుకుని చూపిచ్చింది. పక్కకు ఏస్తే తిరుగుతది, ముందట ముంచి నీళ్లను నీ దిక్కు గుంజుకోవాలె, జర కుడికి జర ఎడమకు, ఎనిమిది అంకె రాసినట్టు. పుట్టి అంటే వెదురు అల్లిన గుండ్రటి బుట్ట, కింద పట్టా, పైన తారు, అడుగు చదునుగ ఉంటది, ముందు ఏది ఎనక ఏది అన్నది లేదు, అందుకే సులువుగ తిరుగుతది. కయాక్ ఏసే పిల్ల అప్పుడు లేసి, మాది పొడుగు పడవ అక్కా, పక్కకు ఏస్తెనే ముందుకు పోతది అని తన తీరు చూపిచ్చింది. ఇగ అక్కడి నుంచి గంట సేపు ఎవరు ఎవర్ని అడగాల్సిన పని పడలే. ఇంకోటి, ఆ అక్కలు వచ్చిన పూట వాళ్ల పని పోతది, ఆ పూట కూలి ఎంతో ముందే మాట్లాడి చేతికియ్యాలె, శాలువా కప్పి పంపుడు కాదు.

ఇగ ముచ్చట చెప్పేటోళ్లు ఏమేం చెప్పాలె. మొదలు నెల, జాగ, నీళ్లు. కృష్ణ అంతట ఒక్క తీరుగ ఉండదు. తంగిడి కాడ భీమ కలిసేటప్పుడు ఒక తీరు, జూరాల కింద బీచుపల్లి దిక్కు బండలల్ల ఒక తీరు, సోమశిల కాడ సముద్రం లెక్క నిలబడ్డ నీళ్లు, సాగర్ దాటి వాడపల్లి కాడ మూసీ కలిసేతల మళ్ల ఇంకో తీరు. అందుకే "కృష్ణల పోయినం" అంటే ఏం చెప్పినట్టు కాదు. శ్రీశైలం డ్యాం నిండు మట్టం సముద్ర మట్టం నుంచి లెక్కేస్తే 885 అడుగులు, సాగర్‌ది 590, వానకాలం అంతా ఏ రోజు ఎంతుందో పేపర్లల్ల వస్తనే ఉంటది, మీరు పోయిన్నాడు ఎంతుండెనో ముచ్చటల కలిపితే వినేటోళ్లకు లెక్క దొరుకుతది. ఎందుకంటే శ్రీశైలం నీళ్ల కింద మునిగిన ఊర్లు ఉన్నయ్, నీళ్లు నిండుగ ఉన్నప్పుడు మీది నుంచి పోయిన జాగలనే ఎండకాలం గోడలు, చెట్ల మోడులు పడవ అడుగుకు తగులుతయ్. అవతల ఒడ్డు సంగమేశ్వరం గుడి సూడుండ్రి, ఏడాదిల ఎక్కువ నెలలు నీళ్లల్లనే ఉంటది, నీళ్లు దిగితెనే కనపడ్తది. వలలు ఎక్కడ కట్టిన్రో, జూరాల దిక్కు అయితే మొసళ్లు ఏ ఒడ్డున ఎండకు పడుకుంటయో కూడ చెప్పాలె. వరద నెలలల్ల, డ్యాం గేట్లు తీసిన్నాడు, ఎవ్వరు దిగినా అది సాహసం కింద లెక్క రాదు, ఆ ముచ్చటకు చప్పట్లు కొట్టకుండ్రి.

రెండోది గాలి. మన దిక్కు నిలబడ్డ నీళ్లల్ల భయం ప్రవాహంతోని కాదు, గాలితోని. పొద్దుగాల అద్దం లెక్క ఉన్న నీళ్లు ఎండెక్కినంక అలలు లేస్తయ్. పోయేటప్పుడు ఎదురుగాలికి పోవాలె, ఒళ్లు అలిసినంక తిరిగొచ్చేటప్పుడు గాలి ఎనక నుంచి నూకుతది. దీన్ని తలకిందులు చేసిన్రంటే వాపసు వచ్చుడు నరకం. ఇది పుస్తకం మాట లెక్క చెప్తే ఎవరికీ గుర్తుండదు, ఎవరికన్నా అట్ల అయిందనుకో, ఎన్ని గంటలకు మర్లిన్రు, భుజాలు ఎప్పుడు గుంజినయ్, ఏ గుట్ట చాటుకు పోయి ఆగిన్రు అని ఒక్కొక్కటి అడిగి చెప్పియ్యాలె.

లైఫ్ జాకెట్ ముచ్చట నోటితోని వద్దు. ఒకటి తెచ్చి నడిమిట్ల పెట్టి అందరితోని తొడిగియ్యుండ్రి. మనకు దొరికేవి ఎక్కువ మొగోళ్ల సైజువే, అందుకే కింది బెల్టు ముందు బిగించి తర్వాత పైవి బిగియ్యాలె, ఆఖరుకు పక్కామెను భుజాల కాడ పట్టుకుని పైకి గుంజమనాలె, జాకెట్ చెవుల దాక లేసిందంటే అది నీళ్లల్ల కూడ అట్లనే లేస్తది, సైజు మార్చాలె. కాళ్ల నడిమిట్ల నుంచి పోయే పట్టీ ఉంటే సిగ్గుపడకుంట పెట్టుకోవాలె. విజిల్ ఉందో లేదో సూడాలె. ఈ పని అయ్యేతల నవ్వులే నవ్వులు, కానీ మల్ల ఎవ్వరు జాకెట్‌ను ఒళ్లె పెట్టుకుని కూసోరు. 2007 జనవరిల సింగోటం జాతరకు నది దాటుతున్న పడవ మునిగి అరవై మంది దాక పోయిన్రు, కొల్లాపూర్ దిక్కు పెద్దోళ్లు ఉంటే ఆ ముచ్చట వాళ్లే ఎత్తుతరు, ఎత్తితే ఆపకుండ్రి, పడవల ఎంత మందిని ఎక్కియ్యాలె అన్న మాట దాని తర్వాత చెప్తెనే ఎక్కుతది.

నేను ప్రతి ఒక్కరిని అడిగే ప్రశ్న ఒకటుంది: భయమైన నిమిషంల నీ చేతులు ఏం చేసినయ్? ఎట్లనిపిచ్చింది అని అడిగితే మల్ల "మస్తు భయమైంది" అనే వస్తది. చేతుల గురించి అడిగితే పడవ అంచు గట్టిగ పట్టుకున్న అంటది, అప్పుడు ఇంకో ఆమె అంటది, అంచు పట్టుకుంటే ఇంకా ఊగుతది అక్కా, తెడ్డు నీళ్ల మీద పెడ్తెనే నిలబడ్తది అని. బోల్తా పడ్డోళ్లు ఉంటే ఇంకా మంచిది. నిలబడ్డ నీళ్లల్ల అయితే పడవను ఇడవొద్దు, ఒడ్డు దగ్గర్లనే కనపడ్తది కానీ దగ్గర్ల ఉండదు. పారే నీళ్లల్ల అయితే ఎల్లెలుకల తేలి, కాళ్లు ముందుకు పెట్టి పైకెత్తి పోవాలె, నిలబడనీకి సూస్తే కాలు బండల నడుమ ఇరుకుతది. ఈత గురించి అడుగుతరు. చిన్నప్పుడు వ్యవసాయ బాయిల సొరకాయ బుర్ర కట్టుకుని నేర్చుకున్నోళ్లు మనల చాన మంది ఉంటరు, వాళ్లతోని ఆ ముచ్చట కూడ చెప్పియ్యుండ్రి, అసలు రానోళ్లు ముందుగాల లోతు తక్కువ ఉన్న కాడ జాకెట్ తోని ఒక పూట తేలి సూసుకోవాలె.

బట్టల సంగతి తొందరగ చెప్త: చున్నీ ఇంట్ల పెట్టుండ్రి, కాటన్ తడిస్తే బరువు, తొందరగ ఆరదు, లెగ్గిన్సు, ఆటలకేసుకునే టీ షర్టు మేలు, చెప్పులకు ఎనక పట్టీ ఉండాలె. నెలసరిల ప్యాడ్ నీళ్లు పీల్చి ఉబ్బుతది, నెలసరి కప్పు వాడేటోళ్లు ఉంటే వాళ్లు విడమరిచి చెప్తరు. ఒంటికి పోవుడు పడవ ఎక్కేముందే చూసుకోవాలె, పాత చీర ఒకటి తీస్కపోతే ఇద్దరు పట్టుకుంటే అదే రూము. నీళ్లు తాగుడు తగ్గిచ్చుడు మాత్రం వద్దు, ఎండల తల తిరుగుతది.

ఇంట్ల ఎట్ల ఒప్పిచ్చిన్రు అన్న ముచ్చట కచ్చితంగ ఉండాలె. "మీ ఇంట్ల ఏమనలేదా" అని అడగొద్దు, అది నిలదీసినట్టుంటది. "ఎట్ల ఒప్పిచ్చినవ్ అక్కా" అంటే ఉపాయాలు బయటకొస్తయ్, ఒకామె అత్తనే తోలుకపోయిందంట, అత్త ఇప్పుడు ముందుగాల రెడీ అయితదంట. మనతోని యాడ అయితది అనేటోళ్లు ఒకరిద్దరు ఉంటరు, వాళ్లకు మాలావత్ పూర్ణ సంగతి చెప్పుండ్రి, నిజామాబాద్ దిక్కు తండా పిల్ల, మన భువనగిరి గుట్ట మీద ఎక్కుడు నేర్చుకుని 2014 మే 25న 13 ఏండ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. నీళ్ల మీదిది కావాలంటే 1994ల, మన దేశంల ఎవరెస్ట్ ఎక్కిన మొదటి ఆడామె బచేంద్రీ పాల్ ముందుండి 18 మంది ఆడోళ్లు మూడు రాఫ్టులల్ల హరిద్వార్ నుంచి కలకత్తా దాక గంగ మీద 2,155 కిలోమీటర్లు, 39 రోజులు పోయిన్రు. ఆ 39 రోజులు స్నానం ఎక్కడ, వంట ఎవరు అని మనోళ్లు ఎంటనే అడుగుతరు సూడుండ్రి, అవి మంచి ప్రశ్నలు.

వినేటోళ్లకు కూడ చెప్పాలె. నడిమిట్ల అందుకోవద్దు, ఒకరికి పది నిమిషాలు ఇడిసిపెట్టాలె, భయపడ్డదానికి నవ్వొద్దు. అలలు ఉన్నదానికన్న పెద్దగ చెప్తే వినే ఆమె ఇల్లు కదలదు, చిన్నగ చెప్తే జాకెట్ లేకుంట పోతది, రెండూ తప్పే, చూసింది చూసినట్టు చెప్పమనాలె. వాయిస్ రికార్డు చేసేముందు అడగాలె, తడి బట్టల ఫొటోలు ఎవరి బొమ్మ వాళ్లను అడగకుంట గ్రూపుల పడెయ్యొద్దు, ఎక్కడున్నమో లొకేషన్ ఇంట్లోళ్లకు అప్పుడే పంపాలె కానీ స్టేటస్‌ల మాత్రం తిరిగొచ్చినంకనే.

లేసేముందు తర్వాత పోయేది తేల్చుకోవాలె. నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం, వరద తగ్గుతది, ఎండ ముదరదు. తెల్లారంగనే నీళ్లల్ల దిగి తొమ్మిదిన్నరకల్ల ఒడ్డుకు రావాలె. కొత్త ఆమెకు పాత ఆమెను జత కట్టాలె, పుట్టి అక్కకు ఎవరు ఫోన్ చేస్తరు, జాకెట్లు ఎవరు తెస్తరు, బండి ఎవరిది, ఉప్మా ఎవరి ఇంటి నుంచి అన్నది అన్ని ఆ చాప మీదనే పేర్లు పెట్టి తేల్చుండ్రి. వాట్సాప్‌ల మాట్లాడుకుందాం అని లేసిన్రంటే వచ్చే వానకాలం దాక గుడ్ మార్నింగ్ బొమ్మలే వస్తయ్.