గుండె జబ్బుల ఎపిడెమియాలజీలో పోస్ట్‌డాక్టరల్ శిక్షణ: హైదరాబాద్‌లో ఎలా మొదలుపెట్టాలి

పీహెచ్‌డీ గాని, ఎండీ గాని పూర్తిచేసి, జనంలో గుండె జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తాయో పరిశీలించే ఈ రంగంలోకి రాదలచినవారు ముందుగా ఏళ్ల తరబడి ఒకే జనసమూహాన్ని అనుసరిస్తున్న కోహార్ట్ ఉన్న చోటు వెతుక్కోవాలి. గుండె జబ్బు దశాబ్దాలపాటు లోలోపల ముదిరి ఆ తరువాత బయటపడుతుంది కనుక, రెండు మూడేళ్ల ఫెలోషిప్‌లో కొత్త కోహార్ట్ ప్రారంభించి ఫలితం చూడడం కుదరదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం 1948లో 5,209 మందితో మొదలైతే, ఆ బృందం రాసిన వ్యాసంతో ‘రిస్క్ ఫ్యాక్టర్’ (జబ్బు ముప్పును పెంచే అంశం) అనే మాట ప్రచారంలోకి వచ్చేసరికి 1961 అయింది.

ఈ విషయంలో హైదరాబాద్‌కు గొప్ప వనరు ఉంది. 1987–90 మధ్య నగరానికి సమీపంలోని 29 గ్రామాలను తీసుకుని, వాటిలో సుమారు సగం గ్రామాల గర్భిణులకు, చిన్నపిల్లలకు ఉప్మా రూపంలో అదనపు పోషకాహారం ఇచ్చారు. ఆ పిల్లలు ఎదిగాక వారి రక్తపోటును, రక్తనాళాల బిరుసును కొలుస్తూ వచ్చిన అధ్యయనమే ఏపీక్యాప్స్ (ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ). తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఇందులో భాగస్వామి. తల్లి కడుపులో ఉన్నప్పటి తిండికీ నడివయసు గుండెకూ ఉన్న సంబంధాన్ని ఇంత దగ్గరగా పరిశీలించే అవకాశం మరెక్కడా సులభంగా దొరకదు.

ఫెలోషిప్‌ల కోసం ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ప్రకటనలను, హైదరాబాద్ కేంద్రంగా పరిశోధనలకు నిధులిచ్చే సంస్థ ఇండియా అలయన్స్ ప్రకటనలను గమనించాలి. చేరకముందే డేటా ఎప్పుడు చేతికి వస్తుందో, ఏ వ్యాసానికి మీరు మొదటి రచయిత అవుతారో మెంటర్‌తో మాట్లాడి రాతపూర్వకంగా తీసుకోవాలి.

తొలి మూడు నెలలు కంప్యూటర్ ముందు కాక ఊళ్లలో గడపాలని నా గట్టి అభిప్రాయం. నా శిక్షణ తొలి రోజుల్లో ఒక ఊరి నుంచి వచ్చిన బీపీ అంకెలు దాదాపు అన్నీ 120, 130, 140 అంటూ సున్నాతోనే ముగిశాయి. వెళ్లి చూస్తే, ఎండలో నడిచి వచ్చినవారిని అయిదు నిమిషాలైనా కూర్చోబెట్టకుండా, లావుపాటి చేతికీ సన్నటి చేతికీ ఒకే పట్టీ చుట్టి, ముల్లు దగ్గరి పదికి సవరించి రాస్తున్నారు. ఆ తప్పును ఆ తరువాత ఏ గణాంక పద్ధతీ సరిదిద్దలేదు.

ప్రశ్నల భాష కూడా అంతే ముఖ్యం. మరణ కారణం తెలుసుకోవడానికి ఇంటివారిని అడిగే వెర్బల్ అటాప్సీలో ‘ఛాతీ నొప్పి వచ్చిందా?’ అంటే ‘లేదు, గ్యాస్ పట్టింది’ అంటారు. కాసేపు ఆగి, చెమటలు పట్టాయా, నొప్పి ఎడమ చేతికి పాకిందా అని అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది. ఆయాసాన్ని ఇక్కడ చాలామంది ‘దమ్ము’ అంటారు. పాతబస్తీలో పనిచేసేటట్లయితే ప్రశ్నావళిని, అంగీకార పత్రాన్ని ఉర్దూలో కూడా సిద్ధం చేసి, స్థానికులకు చదివి వినిపించి సరిచూడాలి.

విశ్లేషణ ప్రణాళికను డేటా తెరవకముందే రాసిపెట్టుకోవాలి. మలి విడతలో దొరకనివారి జాబితాను విడిగా చూడాలి, ఎందుకంటే పనుల కోసం నగరానికి వలస వచ్చినవారి తిండి, నిద్ర, శ్రమ ఊళ్లో ఉన్నవారివలె ఉండవు; వారిని వదిలేస్తే లెక్క ఒకవైపు మొగ్గుతుంది. కొలిచిన ప్రతి ఒక్కరికీ వారి బీపీ, షుగర్ అంకెలను తెలుగులోనో ఉర్దూలోనో చీటీపై రాసి ఇవ్వాలి. ఎక్కువగా ఉన్నవారిని ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపి, వారం తరువాత వారు వెళ్లారో లేదో కనుక్కోవాలి.