కరిచే హామ్‌స్టర్ పిల్ల చేతికి మాలిమైన తీరు

మా ఇంటికి వచ్చిన సిరియన్ హామ్‌స్టర్ (ఎలుకను పోలిన చిన్న పెంపుడు ప్రాణి) పిల్ల, పంజరంలో చెయ్యి పెట్టగానే వెల్లకిలా పడి కీచుమంటూ పళ్లు చూపేది. పట్టుకోబోతే రక్తం వచ్చేలా కరిచేది. ఈ జాతికి చూపు మందం, వాసనే ఆధారం. పైగా ఆరుబయట వేటపక్షులకు ఎర అయ్యే ప్రాణి కనుక, పైనుంచి దిగే చెయ్యి దానికి శత్రువుగానే తోస్తుంది. అందుచేత ముందుగా దాన్ని పట్టుకునే ప్రయత్నం పూర్తిగా మానేసి, నా అరచేతులకు రుద్దిన టిష్యూ కాగితం ముక్కలను గూటి దగ్గర ఉంచాను. అది వాటిని లోపలికి లాక్కెళ్లి పక్కగా పరుచుకుంది.

ఆ తరువాత, అది నిద్ర లేచే రాత్రివేళల్లో మాత్రమే, అరచేతిని నేలకు ఆనించి పొద్దుతిరుగుడు గింజ పెట్టి కదలకుండా కూర్చునేవాణ్ణి. మొదట్లో వెనుక కాళ్లు గూటిలోనే ఉంచి, మెడ సాచి గింజను బుగ్గసంచిలో కుక్కుకుని పరుగెత్తేది. క్రమంగా అరచేతిలోకి ఎక్కి అక్కడే ఒలుచుకోవడం మొదలుపెట్టింది. ఎత్తాల్సి వస్తే ఇప్పటికీ గ్లాసులోకి నడిపించి, నేలమీద కూర్చునే ఎత్తుతాను, ఎందుకంటే కొద్ది ఎత్తు నుంచి పడినా వీటి ఎముకలు విరగవచ్చు.

పెద్దవైతే ఇవి ఒకదానితో ఒకటి ప్రాణాంతకంగా పోట్లాడతాయి కాబట్టి జోడు తేలేదు. 1930లో సిరియాలోని అలెప్పో దగ్గర పట్టిన ఒక తల్లీపిల్లల సంతతే నేటి పెంపుడు సిరియన్ హామ్‌స్టర్లలో అత్యధికం. పెంపకంలోకి వచ్చినా ఒంటరిగా బతికే స్వభావం మాత్రం వాటిని వదల్లేదు. పరుగుచక్రం కనీసం 28 సెంటీమీటర్ల వ్యాసం ఉండాలి, లేకపోతే వెన్ను వంగిపోతుంది. హైదరాబాదు ఎండాకాలంలో పంజరాన్ని కిటికీకి దూరంగా జరిపి, పడుకోవడానికి చల్లని టైల్ ముక్క వేస్తున్నాను.